పొట్టోడు పడిన చప్పుడు

కొట్టాయన మూడు వీడియోగేమ్ క్యాసెట్లు అద్దాల బల్ల మీద వరసగా పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"ఆట ఒకటేనండీ, మిషన్లు మూడు. తెల్ల మిషనుకి ఒకటి, నల్ల మిషనుకి ఒకటి, ఈ బూడిదరంగు దానికి ఒకటి. మీ ఇంట్లో ఉండేది ఏది?"

"పెట్టె," అంది టీచరు.

"పెట్టేనండీ. ఏ రంగు పెట్టె?"

టీచరు ఆలోచించింది. ఆ పెట్టె టీవీ కింద అరలో ఏళ్ల తరబడి ఉంది. దుమ్ము పడకుండా దానికి గుడ్డతో తొడుగు కుట్టింది తనే. తొడుగు తీసి చూడాల్సిన అవసరం తనకెప్పుడూ రాలేదు.

"పైన నీలం పూలుండేవి," అంది.

కొట్టాయన కాసేపు గోడకేసి చూశాడు. "అలాంటిది కంపెనీవాళ్లు చెయ్యలేదండీ."

మూలన స్టూలు మీద కూర్చున్న కళ్లజోడాయన నవ్వాపుకున్నాడు. ఆయన రోజూ ఆ కొట్టుకి వస్తాడు, రోజూ ఏదో ఒకటి చేతిలోకి తీసుకుని చూస్తాడు, ఏమీ కొనడు. కొట్టాయన ఆయన్ని పొమ్మనడం ఎప్పుడో మానేశాడు.

టీచరు హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. భర్త పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆదివారం పొద్దున్నే ఆయన అక్క వచ్చేది. ఆవిడ టీచరుకి వదిన. కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. అక్కా తమ్ముడూ టీవీ ముందు కింద కూర్చుని భోజనాల వేళదాకా ఈ గంతుల ఆట ఆడేవాళ్లు. టోపీ పెట్టుకున్న ఒక పొట్టివాడు ఇంటి కప్పు మీంచి ఇంటి కప్పు మీదికి దూకుతూ దీపాలు వెలిగించుకుంటూ పోవాలి. అంతే ఆట. ఇంట్లో వాణ్ని పొట్టోడనేవాళ్లు.

టీచరు వాళ్లకి వీపు పెట్టి, భోజనాల బల్ల దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుకునేది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి ఆట చూడలేదు. చూడక్కర్లేకుండానే అంతా తెలిసేది. రెండో లెవెల్లో రెండు పొగగొట్టాల మధ్య వెడల్పాటి గొయ్యి ఉంది. భర్త ప్రతి ఆదివారం అందులో పడేవాడు. పడగానే ఒక చప్పుడు. ఆ తరవాత "అక్కా, నీదే" అనే మాట. దాని తరవాత "ఇంకెప్పుడు నేర్చుకుంటావురా" అని వదిన గొంతు. రిమోట్ చేతులు మారేది. టీచరు తరవాతి పేపరు తీసేది.

ఆయన పోయాక మరిది సాయం చేస్తానని వచ్చి, ఇల్లు సర్దుతూ, పాత ఇస్త్రీపెట్టెతోనూ పనికిరాని వైర్లతోనూ కలిపి ఆ పెట్టెని తొడుగుతో సహా పాత సామాన్లవాడికి వేసేశాడు. తరవాతి ఆదివారం వదిన వచ్చింది. ఖాళీ అరకేసి ఒకసారి చూసింది. టీ తాగింది, స్కూలు ఎలా ఉందని అడిగింది, లేచి వెళ్లిపోయింది. ఆపై వారం మోకాళ్ల నొప్పులంది. ఇంకో వారం ఇంటికి ప్లంబరు వస్తున్నాడంది. ఆ తరవాత చుట్టాలొచ్చారంది. ఏ చుట్టాలో టీచరుకి అర్థం కాలేదు. వదిన చుట్టాలు తనకీ చుట్టాలే.

ఎందుకు రావడం లేదని అడగడానికి టీచరుకి నోరు రాలేదు. అడిగితే రమ్మని బతిమాలినట్టుంటుంది. బతిమాలితే వదిన వస్తుంది. అలా వచ్చిన మనిషి ఎంతసేపు కూర్చుంటుంది? అందుకని పెట్టెను మళ్లీ అరలో పెట్టాలనుకుంది. పెట్టె ఉంటే ఆట ఉంటుంది, ఆట ఉంటే వదిన వస్తుంది. ఆమెకి తెలిసిన లెక్క అది. ఆ లెక్క పట్టుకునే ఈ కొట్టుకి వచ్చింది.

"నా మాట వినండి," అన్నాడు కొట్టాయన. "ఏ రంగైతే ఏంటి, మంచిది తీసుకోండి. తెల్లదాన్ని మించింది లేదు. వెనకాల ఆకాశంలో చందమామ కూడా కదులుతాడు. దీపం వెలిగిస్తే గోడ మీద వెలుగు పడుతుంది. చూస్తే మీరే అంటారు."

"చందమామని చూస్తూ కూర్చుంటే దూకేవాణ్ని ఎవరు చూస్తారు?" అన్నాడు కళ్లజోడాయన. "నల్లది తీసుకోండి మేడమ్. వేగం దాందే. పాట వింటే కాలు ఊరుకోదు."

"నీ కాలు ఎక్కడా ఊరుకోదు. రోజూ ఇక్కడికే తీసుకొస్తుంది."

"మంచి చెడ్డా చెప్పే మనిషి ఒకడు ఉండాలి కదా కొట్లో."

"నాకు మంచిది అక్కర్లేదు," అంది టీచరు. "మాది కావాలి."



"చూసి గుర్తుపట్టగలరా?" అన్నాడు కొట్టాయన.

"చూడలేదు. విన్నాను."

ఆమె కుర్చీని గోడవైపు తిప్పుకుని, కొట్లో ఉన్న టీవీకి వీపు పెట్టి కూర్చుంది. "ఇప్పుడు ఆడండి," అంది. క్లాసులో బోర్డు వైపు తిరిగినప్పుడు కూడా వెనక ఎవరేం చేస్తున్నారో తెలిసే మనిషి కూర్చున్నట్టే కూర్చుంది.

కొట్టాయన ముందు తెల్ల మిషను పెట్టాడు. పొట్టోడు బయల్దేరాడు. కప్పు తరవాత కప్పు, దీపం తరవాత దీపం. కొట్టాయన చెయ్యి తిరిగిన ఆటగాడు. మొదటి లెవెలు అయిపోయింది, రెండోది అయిపోయింది, మూడోది సగంలో ఉంది. టీచరుకి ఒక్కటీ తెలిసిన చప్పుడులా అనిపించలేదు. తన ఇంట్లో ఈ ఆట ఎప్పుడూ ఇంతసేపు సాఫీగా నడవలేదు.

"ఒకసారి పడతారా?" అంది.

"ఎవరండీ?"

"పొట్టోడు. రెండో లెవెల్లో, పొగగొట్టాల మధ్య. మావారు అక్కడ పడేవారు."

కొట్టాయన మళ్లీ మొదటికొచ్చాడు. గోతి అంచుదాకా నడిపించాడు. పొట్టోడు గాల్లోకి లేచి హాయిగా అవతలి పొగగొట్టం మీద వాలాడు. వెనక్కి తెచ్చాడు, మళ్లీ వదిలాడు, మళ్లీ వాలాడు.

"చిన్నప్పటినుంచీ ఆడుతున్నానండీ," అన్నాడు, నొచ్చుకున్నట్టుగా. "పడమంటే వేలు మాట వినడం లేదు."

"ఇటు తే," అన్నాడు కళ్లజోడాయన.

ఆయనకి ప్రయత్నం అక్కర్లేకపోయింది. రెండో లెవెలుదాకా వెళ్లడానికే ఆయాసపడ్డాడు. గోతి దగ్గరికి వచ్చాక మాత్రం ఒక్క తడబాటూ లేకుండా తిన్నగా లోపలికి వెళ్లిపోయాడు. కొట్టాయన కళ్లు మూసుకున్నాడు.

వయొలిన్ లాంటిదేదో సన్నగా దిగింది. టీచరు తల అడ్డంగా ఊపింది. "ఇది ఏడుస్తోంది. మాది ఏడ్చేది కాదు."

నల్ల మిషను పెట్టారు. ఈసారి డప్పు మీద కొట్టినట్టు ధబ్బుమంది. "ఇదీ కాదు. ఇది వింటే పక్కింటివాళ్లు వచ్చేవాళ్లు." కళ్లజోడాయన చిన్నబుచ్చుకున్నాడు.

బూడిదరంగు మిషను ఆన్ కావడానికే కాస్త సమయం పట్టింది. పాట కూడా గొంతు పట్టేసినవాడు పాడినట్టుంది. టీచరు చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుగా ఉన్న గోడని చూస్తోంది. పొట్టోడు గోతిలో పడ్డాడు. నాలుగు మెట్లు దిగినట్టు చప్పుడు, చివర తలుపు గడియ వేసినట్టు చిన్నగా టక్కుమంది.

ఆ తరవాత రావాల్సిన మాట కోసం ఆమె ఆగింది. కొట్లో ఎవరూ ఏమీ అనలేదు. ఫ్యాను తిరుగుతోంది.

"మళ్లీ పడమంటారా?" అన్నాడు కళ్లజోడాయన మెల్లగా.

"వద్దు," అంది. "ఇదే. ప్యాక్ చెయ్యండి. మిషను కూడా."

కొట్టాయనకి మనసొప్పలేదు. "మేడమ్, దీన్ని అమ్మడం నాకే సిగ్గుగా ఉంటుంది. మీట నొక్కాక ఆలోచించి ఆలోచించి దూకుతాడు. తెర మీదికి పక్షులు ఎక్కువ వస్తే మనిషే మాయమైపోతాడు. కనపడడు. ఎక్కడున్నాడో మనం ఊహించుకోవాలి."

"ఊహించుకుంటాం," అంది టీచరు.

ఆదివారానికి పెట్టె అరలోకి చేరింది. తొడుగు లేదు. టీచరు ఫోన్లో వదినని "చిన్న పనుంది, ఒకసారి రండి" అని మాత్రమే పిలిచింది. వదిన వచ్చింది. చెప్పులు విప్పుతూనే అరకేసి చూసింది. చేతిసంచి కుర్చీకి తగిలించి, ఏమీ అడగకుండా టీవీ ముందు కింద కూర్చుని రిమోట్ తీసుకుంది. టీచరు టీ పెట్టిచ్చి, భోజనాల బల్ల దగ్గర వీపు పెట్టి కూర్చుని పేపర్లు విప్పింది.

గొంతు పట్టేసిన పాట మొదలైంది. టీచరు పెన్ను మూత తీసింది. ఒక పేపరు దిద్దింది. రెండోది సగంలో ఉండగా పాట ఆగిపోయింది. పొట్టోడు పడ్డ చప్పుడు లేదు. వదినకి ఇంత తొందరగా పడే అలవాటు లేదు. మిషనే కట్టేసింది.

"ఏమ్మా," అంది వదిన. "ఇది ఎక్కడ దొరికింది నీకు?"

"సెంటర్లో కొట్టుంది వదినా."

"తెల్లది లేదా వాడి దగ్గర?"

టీచరు వెనక్కి తిరిగింది. "ఉంది. మూడూ ఉన్నాయి."

"ఉండి కూడా దీన్ని తెచ్చావా?"

"మనది ఇదే కదా."

"మనది ఇదే. నేను కాదన్నానా?" వదిన రిమోట్‌ని కింద పెట్టి, టైపు మిషను ముందు విరుచుకున్నట్టు వేళ్లు విరుచుకుంది. "కోర్టులో నా సీటు పక్కనామె ఇంట్లో తెల్లది చూశాను నేను. చందమామ ఉంటాడు అందులో. దాన్ని కొందాంరా అంటే తమ్ముడు ససేమిరా అన్నాడు. వాడికి ఇది చవగ్గా దొరికింది. ఆ మాట ఒప్పుకుంటే వాడెందుకు అవుతాడు? ఇదే అన్నిటికన్నా గొప్పదని జన్మంతా వాదించాడు. పక్షులొచ్చినప్పుడు పొట్టోడు మాయమైపోతే, 'అది వాడి మహిమ అక్కా' అనేవాడు. నేనేమనను? వాడి మొహం చూసి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఎవరి మొహం చూసి ఊరుకోవాలి?"

టీచరు పెన్నుకి మూత పెట్టింది.

"మీరు రావడం అందుకు మానేశారా?"

"ఎందుకు?"

"ఆట లేదని."

వదిన టీ గ్లాసు తీసుకుంది. చల్లారిపోయినా తాగింది. "నువ్వు తీయించేశావనుకున్నాను. ఆ పాట వినలేక. అలాంటప్పుడు నేనొచ్చి ఈ మూల కూర్చుంటే నీకు బాగుంటుందా? నన్ను చూస్తే నీకు వాడు గుర్తొస్తాడు. ఎందుకులే అనుకున్నా."

"నేను తీయించలేదు. మరిది వేసేశాడు, పాత సామాన్లలో."

"చిన్నాడా? వాడు సర్దడం మొదలుపెడితే ఇంట్లో మనుషులు కూడా మిగలరు." మోకాలు రాసుకుంటూ అంది, "మోకాళ్ల నొప్పులు మాత్రం నిజమే."

"ప్లంబరు?"

"వాడు రాలేదు."

"చుట్టాలు?"

"అడక్కు."

టీచరు నవ్వబోయి ఆగింది. పెట్టెవైపు చూసింది. అది నిజంగానే బూడిదరంగుది. అన్నేళ్లలో తనకి తెలియని రంగు.

"మార్చుకోవచ్చేమో అడుగుతాను," అంది. "కొట్టాయన సంతోషిస్తాడు."

ఆమె మామూలుగానే అంది. మామూలుగా అనడానికి ఎంత కష్టపడిందో వదినకి ఎలా తెలిసిందో గానీ, ఆవిడ గ్లాసు కింద పెట్టి మరదలి మొహంలోకి చూసింది.

"నువ్వు ఒక్కరోజు కూడా ఈ ఆట చూసినదానివి కాదు. నీకిందులో ఏముంది?"

"వినేదాన్ని," అంది టీచరు.

వదిన చాలాసేపు నేలకేసి చూస్తూ కూర్చుంది, ఎవరో నెమ్మదిగా చెబుతుంటే టైపు చెయ్యడానికి ఆగినట్టు.

"అయితే దీన్ని ఇక్కడే ఉంచు," అంది చివరికి. "తెల్లది నేను కొనుక్కుంటాను. నా డబ్బులు, నా ఇల్లు, నా చందమామ. ఒక ఆదివారం నేనిక్కడికొచ్చి ఈ దరిద్రంతో కుస్తీ పడతా. ఇంకో ఆదివారం నువ్వు నా దగ్గరికి రావాలి."

"నాకు ఆడటం రాదు వదినా."

"నిన్ను ఆడమన్నదెవరు? నీ పేపర్లు నువ్వు తెచ్చుకో. నావైపు తిరగనూ అక్కర్లేదు. ఎవరో ఒకరు వీపు పెట్టి కూర్చోకపోతే నాకు ఆడినట్టుండదు, అలవాటు తప్పి."

టీచరు పేపర్ల దొంతర సరిచేసింది. అది సరిగ్గానే ఉంది, అయినా సరిచేసింది.

"మీ ఇంట్లో దిద్దుకోడానికి బల్ల ఉందా?"

"మడతబల్ల ఉంది. ఒక కాలు పొట్టి, ఊగుతుంది."

"ఎంత పొట్టి?"

"నేనేమైనా కొలిచానా? వచ్చినప్పుడు నువ్వే చూసుకో."

"అట్ట ముక్కలు తెస్తాను," అంది టీచరు.

వదిన విసుక్కుంటూ మిషను మళ్లీ ఆన్ చేసింది. అది వెలగడానికి ఎప్పట్లాగే ఆలోచించుకుంటోంది.