ఆఖరి పనిదినం సంతకం

బడి మూసే రోజు మా స్టాఫ్‌రూం పెళ్ళివారిల్లులా ఉంటుంది. బీరువా తాళాలు, మిగిలిన సుద్దముక్కలు, మార్కుల రిజిస్టర్లు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతుంటాయి. ఎవరి పెన్ను ఎవరి జేబులో ఉందో ఎవరికీ తెలీదు. నేను అప్పగించాల్సింది ఒక్కటే, చీటీల పుస్తకం.

మా బడిలో ఎవరైనా టీచర్ సెలవు పెడితే వాళ్ళ పీరియడ్లు ఎవరెవరు తీసుకోవాలో పొద్దున్నే చూసి చీటీలు రాసేది నేను. "ఐదో తరగతి, మూడో పీరియడ్, లెక్కల టీచర్ బదులు మీరు" అని అరచేతిలో పట్టేంత కాగితం. అందుకున్నవాళ్ళు వెనక సంతకం పెట్టాలి. పదకొండేళ్ళుగా రాస్తున్నాను. నన్ను చూసి దారి మార్చుకునేవాళ్ళున్నారు. "చీటీలావిడ వస్తోంది, త్వరగా తలనొప్పి తెచ్చుకోండి" అంటాడు డ్రిల్లు మాస్టారు.

అర్ధసంవత్సర పరీక్షలకి వారం ముందు మా ఆయన చనిపోయారు. ఈ వాక్యం రాయడం నాకిప్పుడు వచ్చు. అప్పుడు రాలేదు.

ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. తెరిచేది పదిన్నరకి. నేనేమో ఏడింటికల్లా బడిలో ఉండాలి. అందుకని మా ఇంట్లో పొద్దుటి పనంతా ఆయనదే. పిల్లల్ని లేపడం, పాలు కాచడం, చిన్నదానికి జడలు వేయడం, బూట్లు, నీళ్ళ సీసాలు, మా అత్తయ్య మాత్రలు, చివరికి చిన్నదాన్ని రోడ్డు దాటించి మా బడి గేటు దగ్గర వదిలిపెట్టడం. నేను మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాల్సిన రోజుకి ముందు సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. ఈ పనులన్నీ ఎవరు చేస్తారో తోచలేదు. తోచక, చేతికి అలవాటైన పని చేశాను. బ్యాగులోంచి చీటీల పుస్తకం తీశాను.

"నాన్న బదులు, పాలు, నానమ్మ."

"నాన్న బదులు, జడలు, అన్నయ్య."

చిన్నదానికి కూడా ఒకటి రాశాను. "నాన్న బదులు, నీళ్ళ సీసాలు, నువ్వు." అది ఒకటో తరగతి. సంతకమంటే ఏమిటో అడిగి తెలుసుకుని, పేరంతా రాసి కింద రెండు గీతలు గీసింది.

పని నడిచింది. రోజూ సాయంత్రం మర్నాటి చీటీలు రాసేదాన్ని. పెద్దవాడికి పదిహేనేళ్ళు. ప్రతిదానికీ వాదిస్తాడని వాళ్ళ నాన్న వాడికి లాయరు అని పేరు పెట్టారు. వాడు వేసినవి చూసి అత్తయ్య, "జడలట్రా అవి? నూతికి కట్టే తాళ్ళలా ఉన్నాయి" అంటే, "కక్షిదారు కదలకుండా కూర్చుంటే న్యాయం జరుగుతుంది నానమ్మా" అనేవాడు. అప్పుడప్పుడు నవ్వుకునేవాళ్ళం కూడా. ఐదు నెలలు అలా గడిచిపోయాయి.

ఆఖరి రోజున చిన్న తరగతుల్ని పదింటికే వదిలేశారు. చిన్నది స్టాఫ్‌రూంలో నా కుర్చీ పక్కన చేరి, విరిగిన సుద్దముక్కల్ని పొడుగు ప్రకారం పేరుస్తోంది. నేను మార్కులు కూడుతున్నాను. అంతలో సైన్సు టీచర్ వచ్చింది. కాన్పు కోసం సెలవులో ఉన్న మనిషి, మూడు నెలల బిడ్డని భుజాన వేసుకుని వచ్చేసరికి గదంతా ఆవిడ చుట్టూ చేరింది. ఆవిడ హాజరుపట్టీలో సంతకం పెట్టి, నవ్వి, బిడ్డ ఏడుస్తోందని వెంటనే వెళ్ళిపోయింది.

"అమ్మా, ఆవిడ లీవుగా? ఎందుకొచ్చింది?" అని అడిగింది చిన్నది.

"లీవులో ఉన్నవాళ్ళు ఆఖరి పనిదినం వచ్చి సంతకం పెట్టాలమ్మా. లేకపోతే వేసవి సెలవులు కూడా లీవు కిందికే పోతాయి."

"ఆఖరి రోజు రాలేకపోతే?"

"బడి తెరిచే రోజు రావాలి."

"ఎంత దూరంలో ఉన్నా?"

"ఎంత దూరంలో ఉన్నా."

"ఇవాళ ఎన్నింటిలోపు?"

"నాలుగింటిలోపు. ఇంక నన్ను కూడనివ్వు తల్లీ."

కూడిక పూర్తయ్యాక చూస్తే పక్కన లేదు. గేటు దగ్గర ఉంది. "టీచరమ్మా, మీ పాప నా ఉద్యోగానికే ఎసరు పెట్టింది. వచ్చేవాళ్ళందరినీ తనే చూస్తోంది" అన్నాడు వాచ్‌మన్. నేనూ నవ్వాను. మధ్యాహ్నం తినడానికి రమ్మంటే డబ్బా అక్కడికే తెప్పించుకుంది. నాలుగయ్యాక బయల్దేరదామంటే, "ఇంకో ఐదు నిమిషాలు" అంది. ఆ ఐదూ అయ్యాక మాట్లాడకుండా నా వెంట నడిచింది. ఎండకి అలసిపోయిందనుకున్నాను. ముప్పై ఐదు మంది పిల్లల మొహాలు చూసి ఎవరు హోంవర్కు చేయలేదో చెప్పగలనని నాకు పేరు.

ఇంటికొచ్చేసరికి లాయరు పుస్తకాలన్నీ మంచం మీద కుప్ప పోసి, "విడుదల!" అని అరుస్తున్నాడు. అత్తయ్య టిఫిన్ డబ్బాలు బోర్లించి, "రెండు నెలలు మీ మొహం చూడక్కర్లేదు" అని వాటితో చెబుతోంది. శుక్రవారం రైలుకి మా చెల్లెలింటికి వెళ్ళాలి. నలుగురం, నాలుగు వారాలు. అటక మీంచి సంచులు దించాం. ఎవరి బట్టలు వాళ్ళు తెచ్చుకోమన్నాను.

"నేను రాను" అంది చిన్నది.

"పిన్ని నీకోసం ఎదురుచూస్తోంది" అన్నాను.

"మీరు వెళ్ళండి. నేను ఇంట్లో ఉంటాను."

"ఒక్కదానివేనా?"

"తలుపు తీయడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా."

"ఎవరొస్తారే బుడంకాయా? దొంగలా?" అన్నాడు లాయరు.

"నాన్న."

లాయరు చేతిలో చొక్కా మడత పెడుతూ ఆగిపోయాడు. అత్తయ్య డబ్బాల దగ్గర్నుంచి ఇటు తిరగలేదు.

"ఇవాళ రాలేదు. గేటు దగ్గర చూశాను. తెరిచే రోజు వస్తాడేమో. కానీ మధ్యలోనే వస్తే? తాళం వేసి ఉంటే ఎట్లా?"

"నీకు తెలుసు కదమ్మా, నాన్న..." అని మొదలుపెట్టి ఆగాను. ఎప్పుడూ అక్కడే ఆగేదాన్ని.

"అందరూ ఏవేవో చెప్పారు" అంది. "పిన్ని పైకి వెళ్ళాడంది. పక్కింటావిడ నిద్రపోతున్నాడంది. నానమ్మ ఏడ్చింది. నువ్వేం చెప్పలేదు. నువ్వు చీటీ రాశావు."

"చీటీ రాస్తే?"

"ఇంక ఎప్పటికీ రానివాళ్ళ బదులు చీటీ రాయవుగా. డ్రాయింగ్ టీచర్ ఉద్యోగం మానేస్తే టైంటేబులే మార్చేశావు. పెద్ద కాగితం తీసి మళ్ళీ గీశావు. నేను స్కేలు పట్టుకున్నాను."

నిజమే. స్కేలు అదే పట్టుకుంది. పైకి వెళ్ళాడన్నా, నిద్రపోతున్నాడన్నా ఎవరి మాటా నమ్మని పిల్ల, నా చేతిరాతని నమ్మింది. తప్పులు దిద్దే మనిషి తప్పు రాయదనుకుంది.

"అమ్మాయ్, నువ్వే చెప్పు. నా నోట రాదు" అంది అత్తయ్య, గోడవైపు చూస్తూనే.

నేను నేల మీద చిన్నదాని ఎదురుగా కూర్చున్నాను.

"నాన్న చనిపోయారు. చనిపోయినవాళ్ళు తిరిగి రారు."

"తెరిచే రోజు కూడానా?"

"తెరిచే రోజు కూడా."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత కూడా."



"మరి చీటీలెందుకు రాశావు?"

"ఆ మాట రాయడం నాకు చేతకాలేదు. అందుకని వేరే మాట రాశాను. తప్పు నాదే."

"నేను రోజూ సంతకం పెట్టాను!" అని అరిచింది. ఆ అరుపులో ఏడుపు కంటే కోపమే ఎక్కువ. గదిలోకి పరిగెత్తి తలుపు వేసుకుంది. కొంతసేపటికి ఏడుపు వినిపించింది. ఐదు నెలల్లో అది అలా ఏడవడం అదే మొదలు. నేను లేవబోతే అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఏడవనీ. దాని వంతు అది ఏడవాలి."

లాయరు బట్టల కుప్ప పక్కన కూలబడ్డాడు. "నాకూ ఎవరూ చెప్పలేదమ్మా" అన్నాడు మెల్లగా. "ఆసుపత్రిలో మామయ్య నా భుజం తట్టాడు, అంతే. నాకు తెలుసు కాబట్టి సరిపోయింది." వాడు వాదించడం లేదు. జరిగింది చెబుతున్నాడు. వాడిని లేపి దగ్గరికి తీసుకున్నాను. నాకంటే పొడుగయ్యాడని అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం చీటీలు రాయలేదు. చార్టు కాగితం పరిచి గళ్ళు గీశాను. పాలు అత్తయ్యవి. మాత్రలు లాయరు చూస్తాడు. సెలవుల్లో జడలు నావి. ఎవరి పేరు పక్కనా బదులు అన్న మాట లేదు. గీస్తూ రెండుసార్లు గీత తప్పాను. అత్తయ్య పక్కనే కూర్చుని, చదువు రాకపోయినా, ఒక్కో గడి మీద వేలు పెట్టి "ఇదెవరిది?" అని అడిగి తెలుసుకుంది. వేలు చివరిదాకా వెళ్ళి, ఇంకేం లేదని తెలిశాక, వెనక్కి తీసుకుంది.

దీపాలు పెట్టే వేళకి తలుపు తీసుకుని చిన్నది వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చార్టు చదివింది. తన సంచీని ఈడ్చుకొచ్చి నా ముందు పెట్టింది. సర్దుకుందన్నమాట. తెరిచి చూస్తే లోపలున్న మూడూ యూనిఫాం జతలే. టైతో సహా.

"పిన్ని వాళ్ళ హాల్లో ప్రార్థన చెప్పిస్తావా ఏంటి?" అన్నాడు లాయరు, కొంచెం భయపడుతూనే.

"నువ్వు నోర్ముయ్" అంది చిన్నది. వాడికి ప్రాణం లేచొచ్చినట్టయింది.

నేను రెండు జతలు తీసి గౌన్లు పెట్టాను. ఒక జత అలాగే ఉంచాను. అది చూసింది.

"ఎన్ని రోజులుంటాం?"

"నాలుగు వారాలు."

"నువ్వు కూడానా?"

అవునంటే సరిపోయేది. ఆ పూటకి అందరం హాయిగా అన్నం తినేవాళ్ళం. కానీ మూడో వారంలో కొత్త ప్రవేశాల పనికి రమ్మని హెడ్మాస్టరు పొద్దున్నే చెప్పారు. వస్తానన్నాను.

"మధ్యలో రెండు రోజులు నాకు బడి పని ఉంది" అన్నాను. "మూడో వారం సోమవారం రాత్రి రైలుకి బయల్దేరతాను. మీరు అక్కడే ఉంటారు. గురువారం వచ్చేస్తాను."

దాని మొహం బిగుసుకుంది. అత్తయ్య నావైపు చూసింది, ఇప్పుడే చెప్పాలా అన్నట్టు.

"గురువారం ఎన్నింటికి?"

"సాయంత్రం ఆరింటి రైలుకి."

"రైలు లేటైతే?"

"అయితే స్టేషన్ నుంచి పిన్నికి ఫోన్ చేసి, ఎంత లేటో నీకే చెబుతాను."

చిన్నది సంచీ జిప్పు లాగబోయింది. టై అడ్డుపడితే, దాన్ని లోపలికి నెట్టి మళ్ళీ లాగింది.

"ఫోన్ రాకుండా ఆరు దాటిందో, నేను ఊరుకోను" అంది.