ముందే పెట్టిన టిక్కులు

గొప్పలకు పోతే తిప్పలు తప్పవంటారు. లిఫ్టు మెకానిక్కుకి ఆ మాట తెలియక కాదు. కానీ చర్చి నిండా జనం చూస్తుండగా పాస్టరుగారు "ఈ నెలకి ఎవరెవరు ఏం తీర్మానం చేసుకుంటారు?" అని అడిగితే, తెలిసిన సామెతలన్నీ గుర్తుంటాయా? ముందు వరసలో ఒకాయన రోజూ పది నిమిషాలు వాక్యం చదువుతానన్నాడు. పక్కనున్నాయన పావుగంట ప్రార్థన అన్నాడు. మనవాడి వంతు వచ్చేసరికి నాలుక ఊరుకోలేదు. "రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంటన్నర ప్రార్థన" అనేశాడు. హాలంతా "ఆమెన్" అంది.

పాస్టరుగారు అందరికీ గడుల కార్డులు పంచారు. రోజుకో గడి, చేసిన రోజు ఒక టిక్కు.

మెకానిక్కు ఐదు రోజులు లేచాడు. అందులో మూడు రోజులు మోకాళ్ల మీదే ఉండి మంచానికి తల ఆనించి కునుకు తీశాడు. ఆరో రోజు అలారం పీక నొక్కేసి అటు తిరిగి పడుకున్నాడు. అయినా ఖాళీ గడి చూస్తే మనసొప్పలేదు, టిక్కు పెట్టాడు. ఆ తర్వాత అదే అలవాటైంది. అనుమానం రాకుండా ఒకరోజు నీలం సిరా, ఒకరోజు నల్ల సిరా. పక్కన పడుకునే ఇల్లాలికి తెలియని నిద్ర ఉంటుందా? "కార్డు తర్వాత నింపుదురుగాని, ముందు మంచం దిగండి" అని ఒక్కసారి అని ఊరుకుంది.

నెల తిరిగాక ఆ కార్డు చూసి పాస్టరుగారు మురిసిపోయారు. ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్పమన్నారు. అది విని ఇంకో ముప్పైమంది అదే తీర్మానం చేసుకుంటారట. అప్పటినుంచీ మనవాడు కుడితిలో పడ్డ ఎలుకే. నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే ముప్పైమంది తన అబద్ధం వెంట నడుస్తారు.

గురువారం పొద్దున, తను చూసుకునే ఎనిమిదంతస్తుల ఆఫీసులో పైకి వెళ్దామని లిఫ్టెక్కాడు. తలుపు మూసుకోబోతుంటే ఒక బకెట్టు అడ్డం వచ్చింది, దాని వెనకే పెద్దమ్మ వచ్చింది. పన్నెండేళ్లుగా ఆ అంతస్తులన్నీ తుడిచే మనిషి, డెబ్బైకి దగ్గర పడింది. ఆవిడదీ అదే చర్చి. కళ్లు వాచి ఉన్నాయి.

లిఫ్టు ఐదు దాటి ఆరు చేరకుండానే ఒక్క కుదుపుతో ఆగిపోయింది. లైటు ఉంది గానీ ఫ్యాను ఆగింది.

ఏమైందో మెకానిక్కుకి ఆ క్షణమే అర్థమైంది. ఐదో అంతస్తు తలుపు తాళంలో చిన్న రేకులుంటాయి. వాటి మీద దుమ్ము పేరుకుంటే, తలుపు తెరిచి ఉందేమోనని లిఫ్టు నడిదారిలో ఆగిపోతుంది. రోజూ పొడిగుడ్డతో తుడిచి, పైన మిషను రూములో వేలాడే షీటులో టిక్కు పెట్టాలి. మనవాడు సోమవారం ఒక్కరోజే శనివారం దాకా టిక్కులు పెట్టేసి వచ్చాడు. చేతికి అలవాటైపోయింది మరి.

గంట నొక్కాడు. రెండు నిమిషాలకి జేబులో ఫోను మోగింది. కింద వాచ్‌మన్.

"సార్, లిఫ్టు ఆగిపోయింది. ఎవరో లోపల ఇరుక్కున్నారు. తొందరగా రండి!"

"ఇరుక్కున్నది నేనేనయ్యా!"

"అయ్యో! మరి బోర్డు మీద మీ నంబరే రాసుందే సార్!"

చివరికి నగరం అవతల పనిలో ఉన్న తోటి మెకానిక్కుకి కబురు వెళ్లింది. వాడు రావడానికి గంట పైనే పడుతుంది. మనవాడు నాలుగడుగుల గదిలో గోడ నుంచి గోడకి చూశాడు. లోపలి గుండీలన్నీ తెలుసు, ఒక్కటీ పనికిరాదు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

పెద్దమ్మ బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. "భయమేస్తోంది నాయనా. నువ్వు రోజూ గంటన్నర చేసేవాడివి. ఒక్క ప్రార్థన చెయ్యి."

మెకానిక్కు కళ్లు మూసుకున్నాడు. "తండ్రీ..." అన్నాడు. ఆ తర్వాత ఏమనాలో తోచక కళ్లు తెరిచి, మళ్లీ గంట నొక్కాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

అది చూసి ఆవిడే అంది. "పోనీ ఇది చెప్పు. నాలుగింటికి లేచాక మొదట ఏమంటావు? నేనూ మొన్నటి నుంచి లేస్తున్నా. నీ కార్డు చూపించి పాస్టరుగారు చెప్పాక నాకూ ఆశ పుట్టింది. లేస్తున్నా గానీ నిద్ర ముంచుకొస్తోంది. నిన్న మెట్ల మీద తల తిరిగి పడబోయా."

"ఇంతకుముందు చేసేదానివి కాదా పెద్దమ్మా?"

"చేసేదాన్నే, అదీ ఒక ప్రార్థనేనా! పొద్దున ఈ తలుపు మూసుకున్నాక మొదలుపెట్టి, ఎనిమిదో అంతస్తులో తెరుచుకునేలోపు ఆమెన్ అనేదాన్ని. పన్నెండేళ్లు ఒక్కరోజు తప్పలేదు. నీది విన్నాక నాది చిన్నపిల్లల ఆటలా అనిపించి మానేశా."

మెకానిక్కు పరువు గురించి ఇన్నాళ్లు ఏడ్చాడు గానీ, తన అబద్ధం ఇంకొకరి ఇంట్లో దీపం ఆర్పుతుందని ఎన్నడూ అనుకోలేదు. పారిపోదామంటే తలుపు లేదు.

"నేను లేవను పెద్దమ్మా. ఐదు రోజులే లేచాను. మిగతావన్నీ ఉత్త టిక్కులు."

ఆవిడ వాచిన కళ్లు కొంగుతో తుడుచుకుంది. దానికంటే నాలుగు తిట్లు తిన్నా బాగుండుననిపించింది.

"మూడు రోజులు నా నిద్ర చెడగొట్టావు కదరా" అంది. "ఆదివారం చెబుతావా మరి?"

"చెప్పలేను. తల ఎత్తుకోలేను."

"నీ ఇష్టం" అంది. కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి. ఈసారి తలుపు తెరుచుకోవడానికి గంటా పది నిమిషాలు పట్టింది కాబట్టి, పన్నెండేళ్లలో ఆవిడ చేసిన అతి పొడుగు ప్రార్థన అదే.

పైనుంచి తోటి మెకానిక్కు లిఫ్టుని నెమ్మదిగా ఆరో అంతస్తుకి చేర్చి తలుపు తీశాడు. చేతిలో మిషను రూములోంచి తెచ్చిన షీటు ఉంది.

"ఐదో అంతస్తు తాళమే. కానీ ఇక్కడ తుడిచినట్టు టిక్కుందే? అరే, రేపటిదీ ఎల్లుండిదీ కూడా ఉన్నాయి! తుడిచావా లేదా?"

అవునంటే అయిపోతుంది. తాళం పాతదని చెప్పి తప్పించుకోవచ్చు. పెద్దమ్మ బకెట్టు ఎత్తుకుంటూ అతని వైపు చూడనైనా చూడలేదు.

"తుడవలేదు" అన్నాడు మెకానిక్కు. మేనేజరు చేత చీవాట్లు తిన్నాడు, హెచ్చరిక కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆదివారం పాస్టరుగారు పేరు పెట్టి పిలిచారు. ముప్పైమంది కొత్త కార్డులు పట్టుకుని కూర్చున్నారు. నిలబడ్డాడు. హాలు తలుపులు వేసి ఉన్నాయి, మళ్లీ లిఫ్టులో ఉన్నట్టే ఉంది.

"నేను ఐదు రోజులే లేచాను. మిగతా టిక్కులు అబద్ధం. నన్ను చూసి ఎవరూ అలారం పెట్టుకోకండి."

దగ్గేవాళ్లు కూడా దగ్గు ఆపుకున్నారు. ముందు వరసలో ఇల్లాలు తలొంచుకుంది. పాస్టరుగారి ముఖంలో రంగు మారింది. "మరి ఇప్పుడేం చేస్తావు?" అని అడిగారు.

"పొద్దున మొదటిసారి లిఫ్టెక్కినప్పుడు, కింద తలుపు మూసుకున్నాక మొదలుపెట్టి పైన తెరుచుకునేలోపు ఒక ప్రార్థన."

"అంతేనా?" అని వెనక నుంచి ఎవరో నవ్వారు.

"అంతే. అదైతే చెయ్యగలను."

పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. గంటన్నర అని రాసుకున్న తన కార్డుని మడిచి సంచిలో పెట్టుకుంది.

సోమవారం పొద్దున ఇద్దరూ ఒకే లిఫ్టులో పైకి వెళ్లారు. ఎనిమిదిలో తలుపు తెరుచుకుంటే ఆవిడ "ఆమెన్" అని బకెట్టు తీసుకుని పోయింది. అతనిది ఇంకా సగంలోనే ఉంది, నిలబడి ముగించుకున్నాడు. తర్వాత మెట్లు దిగుతూ ఎనిమిది అంతస్తుల తాళాలూ పొడిగుడ్డతో తుడిచాడు. తిరిగి మిషను రూముకెక్కి కొత్త షీటులో సోమవారం గడిలో టిక్కు పెట్టాడు. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది, పక్కనే మంగళవారం గడి ఖాళీగా ఉంది. పెన్ను మూత పెట్టి జేబులో వేసుకున్నాడు.