కాల్చిన సగం

మా ఆయన మూతి ముడుచుకుని వారం దాటింది. ఏం కావాలన్నా మా అత్తగారి ద్వారానే అడుగుతున్నారు. ఎదురుగా నిలబడి నేను కూర వడ్డిస్తుంటే, "అమ్మా, ఉప్పు ఇటు ఇమ్మను" అంటారు.

"మీ ఇద్దరి మధ్యా నేనేమన్నా పోస్టుమాస్టరునట్రా? నోరు పడిపోయిందా నీకు?" అని ఆవిడ విసుక్కుంటూనే ఉప్పు జరుపుతారు.

గొడవంతా ఒక అడవి ముక్క గురించి. ఆయన అటవీ ఆఫీసులో పిట్టల సంగతి చూస్తారు. అదే ఆఫీసులో మంటలార్పే జట్టుకి నేను పెద్దని. ఏళ్ల తరబడి ఎక్కడ చిన్న పొగ లేచినా పరిగెత్తి ఆర్పేశాం, భుజాలు చరుచుకున్నాం. ఆర్పిన చోటల్లా ఎండుటాకులూ పుల్లలూ మోకాలెత్తున పేరుకున్నాయి. కిందటి వేసవిలో అవన్నీ ఒక్కసారే అంటుకున్నాయి. ఆ మంటని ఆపడం మా జట్టు వల్ల కాదు కదా, మా తాతలు దిగొచ్చినా అయ్యేది కాదు. కొండంతా పోయి, వాగు పక్కన ఒక్క ముక్క మిగిలింది. బతికిన వడ్రంగిపిట్టలు అక్కడికే చేరాయి. పట్టు కట్టకుండా, దేనికది నేలలో బొరియ తవ్వుకుని పిల్లల్ని దాచుకునే అడవి తేనెటీగలకి కూడా ఇక అదే దిక్కు.

ఆ ముక్కకి నేనే నిప్పు పెడతానన్నాను. చల్లని రోజుల్లో, గాలి చూసుకుని, చిన్న మంటతో పైచెత్త కాల్చేస్తే వేసవిలో గండం తప్పుతుంది.

"మిగిలింది అదొక్కటే. దానికీ కొరివి పెడతావా?" అని ఆయన మీదికి లేచారు.

"నేను పెట్టకపోతే ఎండాకాలం పెడుతుంది. అప్పుడు బూడిదలో వెతుక్కుందురుగాని మీ పిట్టల్ని," అని నేనూ ఊరుకోలేదు.

చివరికి మా ఆఫీసరు సగం కాల్చి సగం వదలమన్నారు. అదీ మా ఆయనకి మింగుడుపడలేదు.

కాల్చే రోజు రానే వచ్చింది. నేల లోతుగా ఉడికిపోకుండా పెద్ద దుంగలన్నీ పక్కకి లాగేశాం. మంట గీత దాటకుండా చుట్టూ మట్టి తేలేలా ఊడ్చాం. మా జట్టులో ఒక పద్ధతి ఉంది. నిప్పు పెట్టే ముందు అందరం నోళ్లు మూసుకుంటాం. పిట్టలు తెలిసిన మనిషి చెట్ల మధ్య తిరిగొచ్చి, గూడుంటే "ఆగండి" అంటాడు. లేకపోతే ఏమీ అనడు. అతను మాట్లాడకపోతేనే నేను నిప్పు పెట్టాలి.

ఆ మనిషి మా ఆయనే. తిరిగొచ్చి నిలబడ్డారు. ఏమీ అనలేదు.

నిప్పు పెట్టే నూనె డబ్బా నా చేతిలో అలాగే ఉండిపోయింది. వారం నుంచి ఉలకని పలకని మనిషి ఇప్పుడు కూడా పలక్కపోతే నేనేమనుకోవాలి? గాలి మళ్లితే ఈ రోజు పోయినట్టే. జట్టంతా నన్నే చూస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమండీ! ఈ మౌనం ఇంటిదా, డ్యూటీదా? తేల్చి చెప్పండి!"

నీళ్ల ట్యాంకరు డ్రైవరు కిసుక్కున నవ్వాడు. మా ఆయన ముఖం కందిపోయింది.

"డ్యూటీదే. గూళ్లు లేవు," అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించారు. "నేల కింద ఉన్నవాటి సంగతి నాకేం తెలుస్తుంది? అవి ఎగిరిపోలేవు కదే. భయంగా ఉంది నాకు."

"నాకు లేదనుకున్నారా? రాత్రి కంటిమీద కునుకుంటే ఒట్టు!"

అందరి ముందూ అనేశాను. అప్పటిదాకా మా అత్తగారికి కూడా చెప్పని మాట అది. ఆయన పక్కకి తప్పుకున్నారు. నిప్పు పెట్టాను. మంట నేలని అంటిపెట్టుకుని నెమ్మదిగా పాకింది. సాయంత్రానికి చెట్లు చెట్లలాగే ఉన్నాయి, కింద సగం నేల నల్లగా ఉంది.

ఇంట్లో మాటలు మొదలయ్యాయి కానీ నవ్వులు రాలేదు. చలి తగ్గింది, ఒకటి రెండు వానలు పడ్డాయి. తేనెటీగలు పైకొచ్చే కాలం. ఆయన రోజూ పొద్దున్నే వెళ్లి, కాల్చకుండా వదిలిన సగంలో కూర్చునేవారు. ఇంటికొచ్చి తల అడ్డంగా ఊపేవారు. నాకు అన్నం సయించడం మానేసింది. "ముందు తినవే అమ్మాయ్, ఎండిపోతున్నావ్," అని అత్తగారు తిట్టేవారు. వాటిని నా చేతులతో నేనే చంపేశానేమోనన్న దిగులు కంచం ముందు కూర్చుంటే ఇంకా ఎక్కువయ్యేది.

ఒక మధ్యాహ్నం షెడ్డులో నీళ్ల గొట్టాలు ఆరబెడుతున్నాను. మా ఆయన ఒంటికాలి చెప్పుతో పరిగెత్తుకొచ్చారు.

"రా!"

"ఏమైందండీ?"

"రావే బాబూ!"

నన్ను కాల్చిన సగంలోకి లాక్కెళ్లారు. నల్లటి నేలలోంచి గడ్డి మొలకలేసింది. పేరు తెలియని నీలం పూలు అడుగడుగునా ఉన్నాయి. ఎండ నేరుగా మట్టికి తగులుతోంది. ఆ మట్టి నిండా బొరియలే. తేనెటీగలు కాళ్లనిండా పుప్పొడి పూసుకుని లోపలికి దూరుతున్నాయి, బయటికొస్తున్నాయి.

"నేనొక పిచ్చిమాలోకాన్ని," అన్నారు ఆయన, రొప్పుతూ. "ఇన్నాళ్లూ అటువైపే చూస్తూ కూర్చున్నాను. అంత చెత్త కింద వాటికి నేలెక్కడ దొరుకుతుంది? ఇటు రావడానికి ధైర్యం చాల్లేదు."

"నాకూ చాల్లేదండీ," అంటూ చతికిలబడ్డాను. ఏడుపు ఆగలేదు. సంతోషమే, కానీ వెక్కిళ్లొచ్చేంత ఏడుపు.

ఆయన నా పక్కన గొంతుక్కూర్చుని చెవిలో అన్నారు. "మిగతా సగం ఎప్పుడు కాలుస్తావ్? రేపా?"

"మతి ఉందా మీకు? ఇల్లు కట్టుకునే వేళ నిప్పు పెడతారా ఎవరైనా? చలికాలం వచ్చేదాకా అగ్గిపుల్ల తీశారంటే ఊరుకోను!"

ఆయన పకపకా నవ్వి, లేవమని చెయ్యి అందించారు. నేను లేవలేదు. కాలు ఎక్కడ మోపుదామన్నా అక్కడొక బొరియ ఉంది.