తొడుగు తీసి పెట్టిన బొట్టు

తడి బంతిపూల మీద ఎండ.

పుప్పాలగూడలో, తొమ్మిదో అంతస్తు బాల్కనీలో, బుట్టనిండా పసుపు. గోపన్‌పల్లి నుంచి పనికి వచ్చే భాగ్యమ్మ తెచ్చిన పూలు. ఎదుటి అద్దాల మేడ మీదా అదే ఎండ — కళ్ళు తెరవనివ్వని ఎండ.

ఆయుధపూజ రోజు.

"అన్నిటికీ బొట్లు నువ్వే పెట్టు, భానూ," అంది పెద్దమ్మ ప్రియదర్శిని.

భానుశ్రీ ఇంటర్ చదవడానికి ఊరి నుంచి వచ్చి నాలుగు నెలలయింది. ఈ ఇంట్లో ఒక పని నీదని ఎవరైనా చెప్పడం ఇదే మొదటిసారి.

గంధం గిన్నె ఒక చేతిలో. కుంకుమ భరిణె ఒక చేతిలో.

పెదనాన్న లాప్‌టాప్‌కు పెట్టింది. కారు తాళాలకు పెట్టింది. మిక్సీకి పెట్టింది. పెద్దమ్మ కూతురు, ఆరేళ్ళ రసజ్ఞ, వెనకే తిరిగింది — ఫ్రిజ్‌కు, టీవీ రిమోట్‌కు, తన బూట్లకు తనే పెట్టుకుంటూ. ఎర్రటి అరచేతులు. గౌను ముందంతా ఎరుపు.

చివరికి పెద్దమ్మ కొడుకు జశ్వంత్ అన్నయ్య గది.

అలమర పై అరలో ఆ కార్డు. ఆటగాళ్ళ బొమ్మలతో వచ్చే, అభిమానులు కొని దాచుకునే రకం. అరచేతిలో పట్టేంత అట్టముక్క. దాని మీద ఒక బాస్కెట్‌బాల్ ఆటగాడు — చేతిలో బంతి, కాళ్ళ కింద ఏమీ లేదు. గాలి. గాలిలో ఆగిపోయిన మనిషి.

ఆయన ఆట మానేశాకే అన్నయ్య పుట్టాడు. అయినా రోజూ సాయంత్రం, కింద కోర్టులో ఆడి వచ్చి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, కార్డును దాని దళసరి ప్లాస్టిక్ తొడుగుతోనే కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసేవాడు.

ఈ ఇంట్లో ఇంత భక్తి దేని మీదా లేదు… అనుకునేది భానుశ్రీ.

ఊళ్ళో నాన్న ట్రాక్టరు మీది పట్టా తీసి బొట్టు పెడతాడు. అమ్మ కుట్టుమిషను మూత తీసి పెడుతుంది. తొడుగుకు కాదే, వస్తువుకు పెట్టాలి — అమ్మ ఏటా చెప్పే మాట.

స్టూలు ఎక్కింది. తొడుగు విప్పింది.

నుదుటి మీద పెడదామంటే ముఖం మరీ చిన్నది. పాదాల దగ్గర పెట్టింది. ముందు గంధం. దాని మీద కుంకుమ.

బాగుంది. చాలా బాగుంది. అన్నయ్య చూసి నవ్వుతాడనుకుంది.

పూజ అయ్యాక జశ్వంత్ గదిలోకి వెళ్ళాడు.

చాలాసేపటికి బయటికి వచ్చాడు. కార్డును అంచుల దగ్గర పట్టుకుని ఉన్నాడు. గంధం తడి అట్టలోకి దిగిపోయింది. దూదితో అద్దినట్టున్నాడు… ఎరుపు ఆ మనిషి మోకాళ్ళ దాకా పాకింది.

"దీన్ని తొడుగు తీసి నేను కూడా ఎప్పుడూ ముట్టుకోలేదమ్మా," అన్నాడు.

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

అందరి చూపూ రసజ్ఞ అరచేతుల మీదికి వెళ్ళింది.

నేనే.

రెండే అక్షరాలు. భానుశ్రీ నాలుక మీదికి వచ్చాయి. వాటి వెనకే ఇంకో మాట వచ్చింది — పల్లెటూరి పిల్ల. ఎవరూ అనలేదు. ఎవరూ అనకుండానే ఆమెకు వినిపించింది.

రెండక్షరాలూ లోపలికి వెళ్ళిపోయాయి.

"చిన్నపిల్ల గదమ్మా, ఇగ పోనియ్యుండ్రి," అంది భాగ్యమ్మ.

"తెలీక చేసిందిలేరా," అంది పెద్దమ్మ. ఆ తర్వాత కూతురి వైపు తిరిగింది. "అక్కని చూడవే. అన్నిటికీ ఎంత పద్ధతిగా పెట్టిందో."

పద్ధతిగా.

భానుశ్రీ తల దించుకుంది. సిగ్గరి పిల్ల, పొగిడితే తల దించుకుంటుంది — అందరికీ అలాగే కనిపించి ఉంటుంది.

జశ్వంత్ తలుపులోంచి పై అర ఎత్తు చూశాడు. చెల్లెలి ఎత్తు చూశాడు. గదిలోకి వెళ్ళిపోయాడు.

నువ్వేనా అని పెద్దమ్మ అడిగితే రసజ్ఞ మొదటిసారి కాదంది. రెండోసారీ కాదంది. మూడోసారి అడిగినప్పుడు, ఏడుస్తూ, సారీ అంది.

మధ్యాహ్నం బాల్కనీలోకి వచ్చి భానుశ్రీ పక్కన కూర్చుంది. కింద కోర్టు ఖాళీగా ఉంది. పిల్ల చాలాసేపు తన చేతులే చూసుకుంది.

"అక్కా… నేను ఎప్పుడు పెట్టాను? ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు."

ఇప్పుడు చెప్పొచ్చు. ఇక్కడ ఎవరూ లేరు. ఇంత చిన్నపిల్లకు చెప్పడానికి భయమేముంది…

"పొద్దున," అంది భానుశ్రీ.

రసజ్ఞ మళ్ళీ ఆలోచించింది. మెల్లగా తల ఊపింది.

"అవును కదా."

గుర్తొచ్చినందుకు పిల్ల ముఖం తేటపడింది. అక్క ఒళ్ళో తల పెట్టి పడుకుంది.

ఎదుటి మేడ అద్దాల మీద ఎండ ఒక్కో అంతస్తే దిగుతోంది. పదమూడు… పన్నెండు… అక్కణ్ణుంచి విరిగి నేరుగా భానుశ్రీ కళ్ళలో పడింది.

కదిలితే పిల్ల లేస్తుంది.

కదల్లేదు. కళ్ళూ మూసుకోలేదు.

ఎండ.