నాగబాబు భయం

నాగబాబు భయానికి నిజాంపట్నం హార్బరులో మంచి పేరుండేది. మబ్బు రంగు కాస్త మారితే చాలు, వల పక్కన పడేసి "ఇవాళ వద్దురా" అనేవాడు. కుర్రకారు పిరికివాడని వెక్కిరించేవారు గానీ, అతను ఆగిన రోజు వాళ్ళూ ఆగేవారు. అతని పడవెక్కేవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళయితే ఆ పిరికితనానికే దండం పెట్టుకునేవారు.

అలాంటి మనిషికి పోయినేడు మెదడువాపు జ్వరం వచ్చింది. చచ్చి బతికాడు. లేచాక తిండి, నిద్ర, మాట, పని అన్నీ సరిగ్గానే ఉన్నాయని భార్య నాగదుర్గ మొక్కులు తీర్చుకుంది. ఒకరోజు ఒడ్డున వల దులుపుతుంటే సముద్రప్పాము పడింది. నాగబాబు దాన్ని ఉత్త చేత్తో పట్టుకుని, సంతలో బెండకాయను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. దుర్గకు గుండె ఆగినంత పనైంది. కళ్ళు పెద్దవై, నోరు తెరుచుకుపోయింది. అతనేమో పామును తాపీగా నీళ్ళలోకి విసిరేసి ఆమెను చూశాడు.

"ఏంటే, ఆవలింతా?"

నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె అతన్ని తెనాలి తీసుకెళ్ళింది. డాక్టరు ప్రశాంతి స్కానింగు చూసి విడమరిచి చెప్పింది. మెదడులో రెండు పక్కలా బాదం గింజంత భాగాలుంటాయట, అమిగ్డలా అంటారట. ప్రమాదం ఎదురైతే ముందు గంట కొట్టేది అదేనట. ఒకసారి భయపడ్డ సంగతిని మనసులో గట్టిగా నాటేదీ అదేనట. జ్వరం ఆ రెండింటినీ తినేసింది. అందుకే తుఫానులో పడవ తిరగబడిన రోజు గుర్తున్నా, కూరలో ఉప్పెక్కువైన రోజులాగే చెబుతున్నాడు. ఎదుటివాళ్ళ మొహంలో భయాన్ని కూడా పోల్చుకోలేడు.

దుర్గ గొంతు తగ్గించింది. "మరి నా మీద ఇష్టమో, డాక్టరమ్మా? అదీ పోయిందాండి?"

"ఇష్టమంతా ఆ ఒక్కచోటే ఉండదమ్మా. అది ఉందో లేదో నాకంటే నీకే బాగా తెలుస్తుంది. భయమేస్తే మాత్రం మొహంతో చెప్పకు, నోటితో చెప్పు."

రేపల్లె రైల్లో నాగబాబు దారి పొడుగునా వేరుశనక్కాయలు ఒలిచి ఆమె చేతిలో పోస్తూనే ఉన్నాడు. ఇష్టం సంగతి దుర్గకు అక్కడే తేలిపోయింది.

తేలనిది రెండోది, భయాన్ని నోటితో చెప్పడం. వేటకు బయల్దేరిన మగాణ్ణి వెనక నుంచి పిలవకూడదు, గడప దగ్గర భయమన్న మాట ఎత్తకూడదు. ఈ విషయంలో అత్త వీరరాఘవమ్మ నిప్పు. తన మొగుడు సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆనాటి నుంచి ఆ పట్టింపు ఇంకా బిగిసింది.

ఒక ఉదయం తూర్పున మబ్బు నల్లగా దిగింది. ఫోన్లలో హెచ్చరికేమీ రాలేదు గానీ, బాపట్ల దగ్గర సూర్యలంకలో అలల పక్కన పుట్టి పెరిగిన దుర్గకు ఆ గాలి నచ్చలేదు. ఇంటి ముందుకొచ్చిన పడవవాళ్ళు అలవాటు ప్రకారం నాగబాబు మొహం చూశారు. అందులో భయం లేదు. ఇక ఏ రోజూ ఉండదు. అతను "పదండిరా" అన్నాడు, వాళ్ళు నిశ్చింతగా కదిలారు. లేని భయాన్ని నమ్ముకుని ఇంతమంది వెళ్తున్నారే అనుకుంటూ దుర్గ వాకిట్లోకి వచ్చింది. అత్త గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మావా, ఆగు. నాకు భయమేస్తోంది."

నాగబాబు వెనక్కి తిరిగాడు. ఆమె మొహాన్ని చాలాసేపు వెతికాడు, అతనికేమీ దొరకలేదు. అయినా భుజం మీది వల దించేశాడు.

"ఇవాళ వద్దురా. మా ఇంట్లో భయమేసింది."

తీరా చూస్తే మధ్యాహ్నానికి మబ్బు విడిపోయి ఎండ కాసింది. సముద్రం పాలు తాగిన పిల్లిలా పడుకుంది. వేటకెళ్ళిన మిగతా పడవలు నిండుగా తిరిగొచ్చాయి. హార్బరంతా ఒకటే నవ్వు. సిగ్గుతో చితికిపోయి అన్నం ముందు తల దించుకున్న దుర్గ పక్కన నాగబాబు చతికిలబడ్డాడు.

"రేపు కూడా భయమేస్తే చెప్పు. నాకు రాదు కదే."

ఇక అత్త తిట్లకు దుర్గ సిద్ధపడింది. వీరరాఘవమ్మ పులుసు గిన్నెతో వచ్చి, కొడుక్కని దాచిన చేప తలకాయ కోడలి కంచంలో వేసింది.

"ఆయన వెళ్ళిన రోజు నాకూ భయమేసిందే," అంది. "పిలవకూడదని ఊరుకున్నాను."