ఆరు గంటల థ్యాంక్యూ

నేను ఒక వేలిముద్రల మిషన్‌ని. అనకాపల్లి దగ్గర ఒక అట్టపెట్టెల కంపెనీ గుమ్మంలో నన్ను బిగించారు. నాకు వచ్చినవి రెండే మాటలు. వేలు గుర్తుపడితే "థ్యాంక్యూ", పట్టకపోతే "ట్రై అగైన్". మనుషులు ఒకరి మాట ఒకరు నమ్మరు గానీ, నా మాట మాత్రం కళ్లు మూసుకుని నమ్ముతారు.

నూకరత్నం అక్కడ అట్టలు కోసే మిషన్ మీద పనిచేసేది. ఆమె భర్తకు కిడ్నీలు పాడయ్యాయి. ఈఎస్ఐ కార్డు ఉండబట్టి డయాలిసిస్ ఉచితంగా జరుగుతోంది. జీతం ఒక పరిమితి దాటితే ఆ కార్డు ఉండదు. ఆమె జీతం సరిగ్గా ఆ అంచునే ఉంది. ఓవర్‌టైమ్ డబ్బు కలిస్తే దాటిపోతానని ఆమె భయం. ఎవరినైనా అడిగితే ఉన్న కార్డు కూడా పీకేస్తారని ఇంకో భయం.

అందుకని సాయంత్రం ఆరింటికి బొటనవేలు నొక్కి, నా చేత థ్యాంక్యూ అనిపించుకుని, మళ్లీ లోపలికి వెళ్లి పని చేసేది. ఆ అదనపు పని కూలిని మేస్త్రీ లెక్కల్లో రాయకుండా ఆమె చేతికిచ్చేవాడు. అతనికీ అదే హాయి.

"నానెల్లిపోనానని సెప్పు తల్లీ" అని నన్ను కొంగుతో తుడిచేది. నాకు సిగ్గేసేది. అయినా చెప్పేదాన్ని.

ఒకరోజు ఆరు దాటాక ఆ కోత మిషన్ ఆమె కుడి బొటనవేలు తెంపేసింది.

ఆఫీసులో గుమస్తా లోకనాథం నా లెక్క చూశాడు. "ఆరింటికే వెళ్లిపోయావని ఉందమ్మా. డ్యూటీలో దెబ్బ తగిలిందని ఎలా రాయను?"

"ఓవర్‌టైము కలిస్తే కార్డు పోద్దని బాబూ..."

ఆయన కళ్లజోడు తీసేశాడు. "ఓవర్‌టైమ్ ఆ పరిమితి లెక్కలోకి రాదమ్మా! ఒక్క మాట నన్ను అడగలేకపోయావా?"

నూకరత్నం ఏడవలేదు. "అయితే కార్డుంటాదా బాబూ?" అంది.

"పనిలో ఉంటే ఉంటుంది."

ఇప్పుడు గుమ్మంలో ముఖాలు చూసే కొత్త మిషన్ ఉంది. నేను పాత సామాన్ల గదిలో దుమ్ము కొట్టుకుని పడున్నాను. వైరు పీకేసినప్పుడే నా మాటలు పోయాయి గానీ, ఆమె తిరిగొచ్చిన ఉదయం మాత్రం నన్ను వదలడం లేదు.

గాయం మానకముందే వచ్చింది. కట్టు కట్టిన చేతిని కొంగులో దాచుకుని, ఎడమ బొటనవేలు నా మీద పెట్టింది. నాకు మనిషి తెలుసు. ఆ వేలు తెలియదు.

"ట్రై అగైన్" అన్నాను.

నేను చెప్పినట్టే ఆమె వేలు తుడుచుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ పెట్టింది.