పేరు గడిలో రాసిన ఊహ

మినుము చేలన్నీ పల్లాకు తెగులుతో పసుపురంగుకు తిరిగిపోయిన ఏడు, పామర్రు దగ్గర తమ చేలో ఓ మూల ఏ తెగులూ అంటని నాలుగు మొక్కల గింజలు బ్లెస్సీ దాచి, ఏటా చల్లి ఓ డబ్బాడు చేసింది. విజయవాడలో ఉషశ్రీ మేడమ్ దగ్గర పరిశోధనకు చేరి, రెండేళ్లు కష్టపడి, వాటిలో తెగులును ఆపుతోందనిపించిన ప్రొటీన్‌ను పట్టుకుంది.

ఉషశ్రీ దాన్ని ఆన్‌లైన్ డేటాబేస్‌లో వేసి వెతికింది. పోలిన ప్రొటీన్లు వందకు పైగా వచ్చాయి. అన్నిటికీ ఒకటే పేరు, గింజలో నిల్వ ఉండే ప్రొటీన్ అని.

"ఇది మామూలు నిల్వ సరుకమ్మా. తెగులుకూ దీనికీ సంబంధం లేదు. వేరే టాపిక్ చూసుకో."

"ఎవరూ పరీక్ష చేసి చూసినట్టు లేదండి, మేడమ్. పోలికను బట్టి కంప్యూటరే పేరు పెట్టిందని కింద రాసుందండి."

"వంద ఎంట్రీలూ తప్పు, నువ్వొక్కదానివే రైటా?"

బ్లెస్సీ గింజల డబ్బా ఇంటికి పట్టుకుపోయింది. నెల తిరక్కుండా పరిశోధన మానేసి పటమటలో ఓ కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పుకుంటోంది.

మూడేళ్లకు, మొన్నీమధ్యే, ఆ పేరు శుద్ధ తప్పని ఎవరో ప్రయోగం చేసి తేల్చారు. ఉషశ్రీ అసలా పేరు ఎక్కడ పుట్టిందో వెతుకుతూ కూర్చుంది. ఈ ఎంట్రీకి ఆ ఎంట్రీని చూసి కంప్యూటర్ పేరు పెట్టింది, దానికి మరోదాన్ని చూసి. ఊళ్లో పుకారు నడిచే తీరూ ఇదే. తవ్వగా తవ్వగా అడుగున పన్నెండేళ్ల నాటి ఎంట్రీ ఒకటి బయటపడింది. పంపినవారి పేరు ఉషశ్రీ.

అప్పుడామెకు థీసిస్ గడువు ముంచుకొచ్చింది, ఆ ప్రొటీన్ పనేమిటో పరీక్షించే తీరిక లేదు. డేటాబేస్ ఫారంలో పేరు గడి ఖాళీగా వదిలితే గైడుగారేమంటారోనని తోచింది రాసేసింది. ఆ ఊహే వందమంది సాక్షులను వెంటేసుకుని తిరిగొస్తే, గుర్తుపట్టక దణ్ణం పెట్టింది. తాను తీసిన గోతిలో తానే పడినా బాగుండేది. పడింది బ్లెస్సీ.

గింజలు సంపాదించి, తప్పు ఒప్పుకుని, పిల్లను మళ్లీ పిలవాలనుకుంది. ముందు ఆ పిల్ల ముఖం చూసే ధైర్యం చాలక, ఆదివారం పామర్రులో వాళ్లమ్మ శౌరమ్మ దగ్గరికి వెళ్లింది.

"ఆ మినుములాండీ?" శౌరమ్మ నొచ్చుకుంది. "పనికిరావని మీరన్నారంట గదండీ. మీరంతటోళ్లు చెప్పాక ఇంక చేలో చల్లలేదు. ఆ యేడు క్రిస్మస్‌కే నానబోసి గారెలొండేశాం."

ఉషశ్రీ సిగ్గుతో తల వంచుకుంది.

"అందరం తిన్నామండీ," అంది శౌరమ్మ. "మా బ్లెస్సీయే ఒక్కటి కూడా ముట్టలేదు."